డి డ్రైవ్ నిండిపోయింది, ఫైళ్లు మాత్రం కనపడవు

మిర్చి సీజన్లో గుంటూరు యార్డు కమీషన్ కొట్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే: "డిస్కు ఎర్రగా చూపిస్తోందండీ, కొత్తది వేసేయండి." వద్దు. ముందు తీసివేత లెక్క చేయండి.

డ్రైవ్ తెరిచి, దాచిన ఫైళ్లూ సిస్టమ్ ఫైళ్లూ కనపడేలా పెట్టి, అన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఆ మొత్తాన్నీ, డ్రైవ్ చూపించే 'యూజ్డ్ స్పేస్'నీ పక్కపక్కన రాసుకోండి. రెండూ దగ్గరగా ఉంటే మాయమైందేమీ లేదు, మీ ఫైళ్లే నిండాయి. రెండు నిమిషాల ఈ పని మానేసి డిస్కు కొనేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

తేడా పదుల జీబీల్లో ఉంటే అసలు దొంగ వేరే. ఒక కొట్లో 465 జీబీ డి డ్రైవ్. ఫైళ్లు 140, ఖాళీ 12. మిగతా 313 ఎక్కడ? పాత ఫైళ్లు తీసేసి చోటు చేస్తే వారంలో మళ్ళీ నిండేది. నేను ఫార్మాట్ కొట్టి ఇచ్చాను. రెండు నెలలకి మళ్ళీ అదే ఫోను.

కారణం షాడో కాపీలు. విండోస్‌లో 'సిస్టమ్ ప్రొటెక్షన్' ఆన్‌లో ఉంటే, ఫైలు మారినప్పుడు దాని పాత ముక్కల్ని విండోస్ 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' ఫోల్డర్‌లో దాస్తుంది. అందులోకి మామూలు యూజర్‌కి అనుమతి లేదు, అందుకే ప్రాపర్టీస్ దాన్ని సున్నాగా లెక్కేస్తుంది. లెక్కల ఫైలు రోజంతా మారుతూనే ఉంటుంది కదా, దాచేదీ పెరుగుతూనే ఉంటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు ఆ కొట్లో దీనికి హద్దే పెట్టలేదు. ఫార్మాట్ తర్వాత అదే సాఫ్ట్‌వేర్ అదే సెట్టింగ్‌తో మళ్ళీ ఎక్కింది.

స్టార్ట్‌లో 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని వెతకండి. డ్రైవ్ ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే 'కరెంట్ యూసేజ్' కనపడుతుంది. షాడో కాపీలు తిన్న చోటు ఎంతో అక్కడే తెలుస్తుంది. డిలీట్ నొక్కితే పాత వెర్షన్లన్నీ పోతాయి, కాబట్టి తొందరపడకండి. ముందు లెక్కల ఫైలు పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసి, అది తెరుచుకుంటుందో లేదో చూడండి. తర్వాత స్లైడర్‌ని 5 శాతానికి దించి అప్లై చేస్తే పాతవాటి నుంచి తొలగుతూ వస్తాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనూ హద్దు మార్చండి, లేకపోతే మళ్ళీ పెరుగుతుంది.

సి డ్రైవ్ అయితే పాత విండోస్ మిగిలిపోయే 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్ ఉందేమో చూసి డిస్క్ క్లీనప్‌తో తీయండి. గుమాస్తాకి వేరే లాగిన్ ఉంటే అతని రీసైకిల్ బిన్ వేరు, అతని లాగిన్‌లోకి వెళ్లి ఖాళీ చేయాలి. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనపడటం లోపం కాదు. వైరస్ వల్ల చోటు పోవడం చాలా అరుదు, అటు చివర్లో వెళ్లండి.