దీన్ మాటలు ఇంగ్లిష్‌లో – 6వ పాఠం: భయభక్తులు

పోయిన పాఠంలో అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పే వాక్యాలు నేర్చుకున్నాం. ఈసారి ‘తఖ్వా’, అంటే అల్లాహ్ పట్ల భయభక్తులు. తెలుగులో మనకు ‘భయభక్తులు’ అనే చక్కటి జంటమాట ఉంది. ఇంగ్లిష్‌లో ఆ రెండూ కలిసిన ఒక్క మాట దొరకదు. సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలి.

ముందు వ్యాకరణం. ‘అల్లాహ్‌కు భయపడుతున్నాను’ అన్న తెలుగు వాక్యం మనసులో ఉంటుంది కాబట్టి చాలామంది ‘ఐ యామ్ ఫియరింగ్ టు అల్లాహ్’ అంటారు. అందులో రెండు తప్పులున్నాయి. ‘ఫియర్’ క్రియగా వచ్చినప్పుడు ‘టు’ అక్కర్లేదు. మనసులో ఎప్పుడూ ఉండే స్థితి కాబట్టి ‘ఇంగ్’ కూడా చేర్చకూడదు. ‘ఐ ఫియర్ అల్లాహ్’ అంటే చాలు. నామవాచకమైతే ‘ఆఫ్’ వస్తుంది: ‘ఫియర్ ఆఫ్ అల్లాహ్’. మనిషిని వర్ణించాలంటే ‘హీ ఈజ్ ఎ గాడ్-ఫియరింగ్ మ్యాన్’. ఇక్కడ ‘ఫియరింగ్’ విశేషణంలో భాగం, అందుకే తప్పు కాదు.

‘స్కేర్డ్ ఆఫ్ అల్లాహ్’ అని మాత్రం అనకండి. కుక్కను చూసి, చీకటిని చూసి పారిపోయే భయానికి వాడే మాట అది. ఖురాన్ 51:50 అల్లాహ్ వైపుకే పరుగెత్తమంటుంది. ఎవరికి భయపడతామో ఆయన దగ్గరికే ఆశ్రయం కోసం వెళ్తాం. ఆయన గొప్పతనం ముందు మనసు వంగిపోయే భావానికి ఇంగ్లిష్‌లో ‘ఆ’ (awe) అనే మాట ఉంది. కాస్త సాగదీసి పలకాలి. ‘ఐ స్టాండ్ ఇన్ ఆ ఆఫ్ అల్లాహ్’. నాకు చాలా ఇష్టమైన వాక్యం ఇది.

అనువాదకులు కూడా ఈ మాట దగ్గర తలోదారి పట్టారు. ఖురాన్ 2:2లో ‘ముత్తఖీన్’ (తఖ్వా గలవారు) అన్న మాటకు యూసుఫ్ అలీ ‘ఫియర్’ వాడారు. ముహమ్మద్ అసద్ ‘గాడ్-కాన్షియస్’ అన్నారు. 2004లో వచ్చిన అబ్దుల్ హలీమ్ అనువాదంలో ‘మైండ్‌ఫుల్ ఆఫ్ గాడ్’ కనిపిస్తుంది. మన హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ హైస్కూల్ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన పిక్‌థాల్, నిజాం ఇచ్చిన సెలవుతో పూర్తిచేసి 1930లో ప్రచురించిన అనువాదంలో ‘వార్డ్ ఆఫ్ ఈవిల్’ అని రాశారు, అంటే చెడును దూరంగా ఉంచేవారు అని. వినడానికి వింతగా ఉన్నా, తఖ్వా ధాతువులో ఉన్నది ‘కాపాడుకోవడం’ అనే అర్థమే.

ప్రవక్త సహచరుల్లో ఉమర్ (రజి) తఖ్వా అంటే ఏమిటని అడిగితే, మరో సహచరుడు ఉబై బిన్ కఅబ్ (రజి) ముళ్ళదారిలో ఎలా నడుస్తారని తిరిగి అడిగారట. బట్టలు ఎత్తిపట్టుకుని జాగ్రత్తగా నడుస్తానన్నారు ఉమర్. అదే తఖ్వా అన్నారు ఉబై. ఈ జాగ్రత్త చెప్పాలంటే ‘మైండ్‌ఫుల్’ బాగా కుదురుతుంది: ‘బీ మైండ్‌ఫుల్ ఆఫ్ అల్లాహ్ ఇన్ యువర్ బిజినెస్’.

ఒక జాగ్రత్త. ఎదుటివాళ్ళతో ‘ఫియర్ అల్లాహ్!’ అంటే గద్దించినట్టు వినిపిస్తుంది. జుమా ఖుత్బాల్లో (శుక్రవారం ప్రసంగాల్లో) ఖతీబులు, అంటే ప్రసంగించేవారు, తమను కూడా కలుపుకుంటారు: ‘ఐ రిమైండ్ మైసెల్ఫ్ అండ్ యూ టు హ్యావ్ తఖ్వా’. ‘తఖ్వా’ను అలాగే ఉంచేయడం ముస్లింల ఇంగ్లిష్‌లో మామూలే. ముస్లిమేతర స్నేహితుడితో అయితే ‘గాడ్-కాన్షియస్‌నెస్’ అనండి.

అభ్యాసం: ఈ మూడూ ఇంగ్లిష్‌లో పైకి చెప్పండి.
‘మా నాన్నగారు దైవభీతి గల మనిషి.’
‘అల్లాహ్ భయం వల్లే నేను అబద్ధం చెప్పలేదు.’
‘కోపం వచ్చినప్పుడు కూడా అల్లాహ్‌ను గుర్తుంచుకో.’
జవాబులు 7వ పాఠం మొదట్లో. ఆ పాఠంలో తౌబా (పశ్చాత్తాపం), క్షమాపణ మాటలు.