ఇంధన కంపెనీల ప్రకటనలపై నిషేధం సబబేనా? తేల్చుకునే పద్ధతి

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, పొకిప్సీ దగ్గర. మా కరెంటు బిల్లు సెంట్రల్ హడ్సన్ పేరుతో వస్తుంది. అమెరికాలో వ్యాపార ప్రకటనల మీద ఆంక్ష ఏదైనా కోర్టుకెక్కితే లాయర్లు ముందు తీసే పేరు కూడా అదే. మా అమ్మాయి స్కూల్ డిబేట్‌లో పెట్రోలు కంపెనీల ప్రకటనలు ఆపాలా వద్దా అనే అంశం వచ్చినప్పుడు, ఆ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన తీర్పును ఇద్దరం కూర్చుని చదివాం. ప్రకటనలను నిషేధించారన్న వార్త కనబడితే ఎలా తూచాలో నాకు అందులోనే దొరికింది.

ముందు వార్తను పక్కనపెట్టి అసలు ఉత్తర్వు చదవండి. తేదీ, కారణం రాసుకోండి. 1973 డిసెంబరులో, అరబ్ దేశాలు చమురు ఆపేసిన రోజుల్లో, ఆ చలికాలానికి ఇంధనం చాలదని విద్యుత్ కంపెనీలను నియంత్రించే న్యూయార్క్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఒక ఆదేశం ఇచ్చింది. కరెంటు వాడకాన్ని ప్రోత్సహించే ప్రకటనలు ఏ విద్యుత్ కంపెనీ వేయకూడదంది. తర్వాత కొరత తగ్గింది. అయినా 1977లో పొదుపు పేరు చెప్పి నిషేధాన్ని కొనసాగించింది. సెంట్రల్ హడ్సన్ కోర్టుకెక్కింది దీని మీదే. ఇలా కారణం మారితే, కొత్త కారణాన్ని విడిగా పరీక్షించాలి.

తర్వాత, ఆపుతున్నది ఎలాంటి మాటో చూడండి. అమ్మకపు మాటా, అభిప్రాయమా, మోసమా? 1976లో న్యూయార్క్‌లోనే మరో విద్యుత్ కంపెనీ అయిన కాన్ ఎడిసన్ అణు విద్యుత్తు కావాలని వాదించే కాగితం బిల్లుతో పాటు పంపింది. వివాదాస్పద విషయాల మీద అలాంటివి పంపొద్దని అదే కమిషన్ ఆదేశించింది. సుప్రీంకోర్టు 1980 జూన్ 20న, సెంట్రల్ హడ్సన్ తీర్పు ఇచ్చిన రోజే, ఆ ఆదేశాన్నీ కొట్టేసింది. అభిప్రాయానికి రక్షణ ఎక్కువ, అమ్మకపు ప్రకటనకు కొంత తక్కువ, మోసపు ప్రకటనకు అసలే లేదు.

అమ్మకపు ప్రకటన అయితే సెంట్రల్ హడ్సన్ తీర్పులో జస్టిస్ పావెల్ రాసిన నాలుగు ప్రశ్నలు వేయండి. అది చట్టబద్ధమైన విషయం గురించి, తప్పుదారి పట్టించకుండా ఉందా? ప్రభుత్వం చెప్పే ప్రయోజనం గట్టిదేనా? నిషేధంతో అది నేరుగా నెరవేరుతుందా? అవసరానికి మించి ఆపుతున్నారా? మొదటి ప్రశ్నకు జవాబు కంపెనీ వైపే వచ్చింది, ఆ ప్రకటనలకు రక్షణ ఉందని తేలింది. రెండు, మూడు మెట్లను కమిషన్ దాటింది. పొదుపు ముఖ్యమేనని, ప్రకటనలకూ వాడకానికీ సంబంధం ఉందని కోర్టు ఒప్పుకుంది. ఓడిపోయింది నాలుగో ప్రశ్న దగ్గర.

మీరూ ఎక్కువ సమయం దానికే ఇవ్వండి. ఆ నిషేధం అనవసరంగా నోరు నొక్కే ప్రకటన ఒక్కటైనా వెతకండి. కోర్టుకు హీట్ పంప్ దొరికింది. కరెంటుతో ఇంటిని వేడి చేసే పద్ధతుల్లో ఆ పరికరం పెద్ద మెరుగుదలేనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. కానీ అది కరెంటుతో నడుస్తుంది కాబట్టి దాని గురించి చెప్పడానికి కంపెనీకి వీల్లేదు. పొదుపు కోసం పెట్టిన నిషేధం పొదుపు కబురునే ఆపింది! దానికి బదులు, ఆ పరికరం ఎంత ఇంధనం తింటుందో, ఎంత ఖర్చవుతుందో ప్రకటనలోనే చెప్పమని అడగొచ్చు కదా అంది కోర్టు. 8-1 తేడాతో నిషేధం పోయింది.

ఈ ప్రశ్న వేరే దేశాల కోర్టులను కట్టడి చేయదు గానీ ఎక్కడైనా ఆలోచనకు పనికొస్తుంది. నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరం 2025 జనవరి 1 నుంచి వీధుల్లో పెట్రోలు, డీజిలు, విమాన ప్రయాణాల వంటి ప్రకటనలను నిషేధించింది. రాజకీయ ప్రకటనల జోలికి పోలేదు. ఆ తేడా గమనించాలి. ఇండియాలో వాణిజ్య ప్రకటన కూడా వాక్‌స్వాతంత్ర్యంలో భాగమేనని 1995 టాటా ప్రెస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2024 అక్టోబరులో అక్కడి కేంద్రం గ్రీన్‌వాషింగ్ మీద, అంటే లేని పర్యావరణ హితాన్ని ఉన్నట్టు చెప్పుకోవడం మీద, తెచ్చిన మార్గదర్శకాలు నోరు మూయించవు, ‘పర్యావరణ హితం’ అంటే ఆధారం చూపమంటాయి. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది.

చివరగా, ఒప్పుకోని జడ్జి రాసింది కూడా చదవండి. ప్రభుత్వమే గుత్తాధిపత్యం ఇచ్చిన కంపెనీకి మామూలు వ్యాపారితో సమానంగా మాట్లాడే హక్కు ఎందుకన్నారు జస్టిస్ రెన్‌క్విస్ట్. నేను తీర్పు వైపే ఉన్నా, ఆ మాటను తోసిపారేయలేను. వేరే కంపెనీ తీగలకు మారే వీలు నాకు లేదు మరి. అందుకే మాటను ఆపకుండా, దాని ఖర్చు ఎవరిదని అడగడం మేలు. కొలరాడో, కనెక్టికట్, మెయిన్ రాష్ట్రాలు 2023లో అదే చేశాయి: లాబీయింగ్, ప్రచారం లాంటి ఖర్చులను వినియోగదారుల బిల్లుల్లో కలపకూడదన్నాయి. మీ దగ్గర చార్జీల పెంపుపై బహిరంగ విచారణ జరిగితే వెళ్లి, ప్రకటనల ఖర్చు ఏ ఖాతాలో రాశారో అడగండి.