స్పానిష్ దుకాణ అమరిక పదాలు ఇంగ్లీషులో ఎక్కడ తప్పుతాయి: సమస్య - పరిష్కారం

స్పెయిన్ నుంచో మెక్సికో నుంచో వచ్చిన దుకాణ అమరిక సూచనలను ఇంగ్లీషులోకి మార్చి పంపిన తరువాత, వ్యాకరణ దోషం ఒక్కటీ లేకపోయినా, బోర్డు తగిలించవలసిన చోట సరుకూ సరుకు పేర్చవలసిన చోట బోర్డూ చేరాయని అవతలి నుంచి ఫిర్యాదు రావడం ఈ పని చేసేవారికి పరిచయమైన చిక్కే. ఈ పదాల్లో ఎక్కువ భాగం ఇంట్లోనూ వీధిలోనూ వాడే మామూలు మాటలే కావడం వల్ల నిఘంటువు వెంటనే ఏదో ఒక అర్థం చూపిస్తుంది. దుకాణంలో ఆ మాటకున్న అర్థం ఎక్కడో అడుగున ఉంటుంది, లేదా అసలే ఉండదు.

"హెడర్" అని రాస్తే పై బోర్డు మార్చారు

మూలంలో ఉన్నది "కబెసేరా దె గోండొలా". గోండొలా అంటే సూపర్‌మార్కెట్ మధ్యలో రెండు వైపులా అరలతో నిలిచే పొడవాటి స్టాండు; ఇంగ్లీషులోనూ అదే మాట కనుక అక్కడ ఇబ్బంది లేదు. కాలు జారేది కబెసేరా దగ్గర. తల అనే అర్థమున్న "కబేసా" నుంచి వచ్చిన ఈ మాటకు మంచం తలవైపు పలక అనీ, పత్రిక తలకట్టు అనీ అర్థాలున్నాయి కనుక అనువాదకుడి చూపు సహజంగానే పైకి పోతుంది. దుకాణంలో మాత్రం అది పైభాగం కాదు. స్టాండు పొడవు ముగిసిన చోట, ప్రధాన నడవకు ఎదురుగా ఉండే అరల వరుస. అమెరికా పాఠకులకు "ఎండ్ క్యాప్" అనీ, బ్రిటన్ పాఠకులకు "గోండొలా ఎండ్" అనీ రాయాలి. అర్జెంటీనాలో ఇదే చోటును "పుంతా దె గోండొలా" అంటారు. పుంతా అంటే కొన కనుక అక్కడ పొరబడే అవకాశం తక్కువ. నిజంగానే పై బోర్డును ఉద్దేశించినప్పుడు లాటిన్ అమెరికా పత్రాల్లో "కొపేతె" అని కనిపిస్తుంది, దానికి "హెడర్" చక్కగా సరిపోతుంది. ఈ ఒక్క పదం మీద ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది: ఆ చివరి అరల కోసం తయారీ సంస్థలు దుకాణానికి విడిగా డబ్బు చెల్లించడం మామూలు, కాబట్టి ఇక్కడి తప్పు ఒప్పందం దాకా పాకుతుంది.

"లీనియర్" అంటే ఏమిటని అడిగారు

స్పానిష్‌లో "లినెయాల్" విశేషణమే కాదు, అరల వరుసకూ అందులో సరుకుకు దక్కే చోటుకూ పేరు కూడా. ఇంగ్లీషులో "లీనియర్" ఒంటరిగా నామవాచకంగా నిలబడదు. సందర్భాన్ని బట్టి "షెల్ఫ్" అనో "షెల్ఫ్ స్పేస్" అనో రాయాలి. "మెత్రోస్ లినెయాలెస్" వచ్చినప్పుడు మాత్రం "లీనియర్ మీటర్స్" సరైనదే, అనవసరంగా దిద్దవద్దు. అసలు ప్రమాదం మరొకటి. 1.33 మీటర్ల వెడల్పున్న ఒక స్టాండుకు అయిదు అరలుంటే నేల మీద లెక్క 1.33 మీటర్లే, కానీ "లినెయాల్ దెసర్రొయాదో" అన్నప్పుడు అరల పొడవులన్నీ కలిపి 6.65 మీటర్లు. దీనిని "డెవలప్డ్ లీనియర్" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. "టోటల్ షెల్ఫ్ లెంగ్త్" అంటే చాలు. ఇదే కుటుంబానికి చెందిన "ఫ్రెంతె" అనే మాటకు "ఫ్రంట్" కాకుండా "ఫేసింగ్" అని రాయాలి, ఎందుకంటే కొనేవారికి ఎదురుగా కనిపించే ప్యాకెట్ల సంఖ్యను లెక్కించేది దానితోనే.

గాజు బీరువా అడిగితే వీధి వైపు అద్దం అలంకరించారు

కారణం భాష కాదు, దేశం. వీధిలోంచి కనిపించే గాజు ముఖాన్ని స్పెయిన్‌లో "ఎస్కపరాతె" అనీ, మెక్సికోలో "అపరదోర్" అనీ, అర్జెంటీనాలో "బిద్రియేరా" అనీ, చిలీలో "బిత్రీనా" అనీ పిలుస్తారు. స్పెయిన్‌లో అదే బిత్రీనా అంటే దుకాణం లోపలి గాజు పెట్టె, మనం షోకేసు అనేదానికి దగ్గర. అందువల్ల పత్రం ఏ దేశానిదో తేల్చుకోకుండా ఈ పదాన్ని ముట్టుకోకూడదు; అది తెలిశాక మొదటిదానికి "షాప్ విండో", రెండవదానికి "డిస్‌ప్లే కేస్" అని స్థిరపరచుకోవచ్చు. స్పెయిన్‌లో "ఎస్పొసితోర్", అట్లాంటిక్ ఆవల "ఎక్సిబిదోర్" అనేవి సరుకు నిలిపే స్టాండులు. వీటిని "ఎగ్జిబిటర్" అని రాస్తే ప్రదర్శనలో పాల్గొనే సంస్థ అనుకుంటారు. పాలు, పెరుగు పెట్టే "మురాల్ రెఫ్రిహెరాదో" గోడచిత్రం కాదు, బ్రిటన్‌లో "మల్టీడెక్" అనే తెరిచిన చల్లని అరల స్టాండు. బట్టల దుకాణపు పత్రంలో "బుర్రో" కనిపిస్తే గాడిద కోసం వెతకనక్కరలేదు, అది హ్యాంగర్లు వేలాడదీసే చక్రాల స్టాండు.

కొలతలు పొసగడం లేదు

"1.330 మి.మీ." అన్నది 1.33 మిల్లీమీటర్లుగా మారితే ఆ అర అట్టముక్కంత సన్నం అవుతుంది. స్పెయిన్‌లో చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశాన్ని చూపుతుంది; 2010 నాటి స్పానిష్ భాషా అకాడమీ వర్ణక్రమ నియమాలు వేల దగ్గర ఖాళీ వదలమంటున్నా కర్మాగారాల పట్టికల్లో చుక్క ఇంకా పోలేదు. మెక్సికోలో ఇంగ్లీషు పద్ధతే కనుక అక్కడి అంకెలను తిరగరాయకూడదు. మూడవ కొలతగా వచ్చే "ఫోందో" అడుగుభాగమూ కాదు, నేపథ్యమూ కాదు. అది అర లోతు.

సంక్షేపాలు తారుమారయ్యాయి

"పి.ఎల్‌.వి." అంటే అమ్మకపు చోట పెట్టే ప్రచార సామగ్రి, "టి.పి.వి." అంటే బిల్లు యంత్రం. ఇంగ్లీషులో రెండింటికీ "పి.ఓ.ఎస్‌." (పాయింట్ ఆఫ్ సేల్, అంటే అమ్మకపు చోటు) వాడే అలవాటు ఉన్నందున, రెండూ వచ్చే పత్రంలో మొదటిదానికి "పి.ఓ.పి." (పాయింట్ ఆఫ్ పర్చేజ్) కేటాయించడం మేలు. "రోతూరా దె స్తోక్" విరిగిన సరుకు కాదు, సరుకు నిండుకోవడం, "స్టాకౌట్" అనాలి.

ఇంగ్లీషులాగే కనిపించి మోసం చేసేది "స్తోపెర్". స్పానిష్ దుకాణాల్లో అది అర అంచు నుంచి నడవలోకి పొడుచుకు వచ్చే చిన్న ప్రచార పలక. ఇంగ్లీషు చదివేవారికి "స్టాపర్" అనగానే సీసా బిరడా గుర్తుకు వస్తుంది. ఊగే ప్లాస్టిక్ కాడ మీద నిలిచినదైతే "వాబ్లర్" అని రాయాలి; కదలకుండా అడ్డంగా నిలిచేదైతే, ఫోటో తెప్పించుకుని చూసి, అర అంచు నుంచి బయటికి వచ్చే పలక అని విడమరచి రాయాలి.