జిల్లా వడగాడ్పుల ప్రణాళికకు మోడల్ అంకెలు – 3వ పాఠం: గడి ఎంపిక, తేడా దిద్దుబాటు

పుణెలోని ఐఐటీఎం (భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ) నుంచి దింపుకున్న కార్డెక్స్ సౌత్ ఏషియా గరిష్ఠ ఉష్ణోగ్రత ఫైళ్లు తెరవండి. కార్డెక్స్ అంటే ఒక ప్రాంతపు గత, భవిష్యత్ వాతావరణాన్ని కంప్యూటర్ మోడళ్లతో లెక్కగట్టే అంతర్జాతీయ కార్యక్రమం. ఈసారి వాటిలోంచి మచిలీపట్నం అంకెలు తీద్దాం. విలువలు కెల్విన్‌లో ఉంటాయి, ముందు 273.15 తీసేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది గడి దగ్గరే. మోడల్ నేలనూ సముద్రాన్నీ గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో విలువ ఇస్తుంది. ఒక్కో గడి వెడల్పు సుమారు 50 కిలోమీటర్లు. అక్షాంశ రేఖాంశాలిచ్చి దగ్గరి గడి అడిగితే, సాఫ్ట్‌వేర్ సగం బంగాళాఖాతమే ఉన్న గడిని చేతిలో పెట్టొచ్చు. నీటి మీద పగటి వేడి అంతగా ఎక్కదు. మే నెల గీత ఎగుడుదిగుళ్లు లేకుండా చదునుగా సాగుతోందంటే అనుమానించండి. గడిలో నేల ఎంత శాతమో ఎస్‌ఎఫ్‌టీఎల్‌ఎఫ్ (sftlf) అనే పేరున్న ఫైలు చెబుతుంది. నేల తక్కువైతే పడమటి పక్క గడి తీసుకోవడమే మేలు.

తేదీలూ చూసుకోండి. కొన్ని మోడళ్లకు ఏడాది అంటే 360 రోజులే, మే 31 అసలుండదు. ఆ వరసను మన క్యాలెండర్ పక్కన అలాగే అతికిస్తే, పన్నెండేళ్లు తిరిగేసరికి మే ఎండలు మార్చిలో పడతాయి.

ఇక దిద్దుబాటు, అంటే మోడల్ విలువలకూ నిజమైన కొలతలకూ మధ్య తేడాను సరిచేయడం. తీరంలో గరిష్ఠం కనీసం 37 డిగ్రీలుండి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైతేనే ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వడగాడ్పు అంటుంది. మోడల్ 2 డిగ్రీలు చల్లగా చూపుతుంటే, నిజంగా 5 డిగ్రీలు మించిన రోజు మన లెక్కలో 3 డిగ్రీలకే ఆగి, జాబితాలోంచి జారిపోతుంది. జారిపోయిన ఒక్కో రోజు ఉపాధి పనుల వేళలకు, చలివేంద్రాలకు, ఓఆర్‌ఎస్ నిల్వలకు కోత పెడుతుంది.

సగటు తేడా కలిపేసి ఊరుకోవద్దు. సగటు కుదిరినా పైకొస మండే రోజులు తప్పుగానే మిగలొచ్చు. 1976–2005 మే నెలల మోడల్ విలువలు ఒక వరుసలో, అదే కాలపు మచిలీపట్నం వాతావరణ కేంద్రం కొలతలు మరో వరుసలో, చిన్నవాటి నుంచి పెద్దవాటికి పేర్చండి. ఉదాహరణకు 95వ శాతం స్థానంలో మోడల్‌కు 39.5, కేంద్రానికి 42 ఉన్నాయనుకోండి. భవిష్యత్తు ఫైల్లో 39.5 వచ్చినచోట 42 రాయాలి. పాత గరిష్ఠాన్ని మించిన విలువకు పైకొసన వచ్చిన తేడానే కలపండి. ఏప్రిల్, జూన్ నెలలకు విడివిడిగా చేయాలి.

సరిచూసేందుకు 1976–1990తో దిద్ది, 1991–2005 మీద పరీక్షించండి. అక్కడ వడగాడ్పు రోజుల సంఖ్య కేంద్రం లెక్కకు దగ్గరగా రాకపోతే భవిష్యత్తు ఫైలు తెరవొద్దు, మళ్లీ గడి దగ్గరికే వెళ్లండి.

అభ్యాసం: మూడు మోడళ్లకు ఇదే పని చేసి, ఒక్కోదాని మే నెల వడగాడ్పు రోజులను విడిగా రాసిపెట్టుకోండి. వాటిని ఇప్పుడే సగటు చేయొద్దు. కలెక్టరేట్‌కిచ్చే పట్టికలో ఆ రోజుల సంఖ్యల్లో కనిష్ఠం, గరిష్ఠం రెండూ కావాలి.