లైనక్స్ డెస్క్‌టాప్‌లో గ్రాఫికల్ తెర మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

తెర నల్లగా ఉండిపోయిందంటే చాలామంది ఓఎస్ మొత్తం తీసేసి మళ్లీ వేస్తారు. కార్డు అదే, డ్రైవర్ అదే కాబట్టి రెండు రోజుల్లో సమస్య మళ్లీ అక్కడికే వస్తుంది. లైనక్స్‌లో తెర మీద కనిపించేది ఒక్క ప్రోగ్రామ్ పని కాదు. అన్నిటికంటే కింద కెర్నల్‌లోని (హార్డ్‌వేర్‌ను నడిపే ఓఎస్ గుండెకాయలోని) గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంటుంది. దాని మీద విండోలను తెర మీదకు తెచ్చే ఎక్స్ సర్వర్ గానీ, దాని స్థానంలో వచ్చిన వేలాండ్ కంపోజిటర్ గానీ, ఆపైన లాగిన్ తెర చూపే డిస్‌ప్లే మేనేజర్, తర్వాత గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి డెస్క్‌టాప్, చివరికి మీరు తెరిచే ప్రోగ్రామ్. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం రిపేరు అయినట్టే.

ఇక్కడి వివరాలు డెబియన్, ఉబుంటు, మింట్‌లకు సరిపోతాయి. కమాండ్లను పలికే తీరులో రాశాం. పెద్ద అక్షరమని ప్రత్యేకంగా చెప్పని చోట అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

ముందు లాగ్ చూడండి

నల్ల తెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వచ్చిందంటే కెర్నల్ బతికే ఉంది, గొడవ పై మెట్లలో ఉంది. ఏమీ రాకపోతే పక్క కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయ్యే కమాండ్‌తో) లోపలికి వెళ్లే ప్రయత్నం చేయండి. అదీ కుదరకపోతేనే గ్రబ్ మెనూ (ఓఎస్ మొదలవ్వకముందు వచ్చే బూట్ మెనూ) దాకా వెళ్లాలి.

ఎక్స్ సర్వర్ లాగ్ రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది. సర్వర్ రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడిస్తే /వార్/లాగ్/ఎక్స్‌ఆర్గ్.0.లాగ్ (ఎక్స్ పెద్ద అక్షరం), మామూలు యూజర్‌గా నడిస్తే మీ హోమ్‌లోని .లోకల్/షేర్/ఎక్స్‌ఆర్గ్ ఫోల్డర్‌లో అదే పేరుతో ఉన్న ఫైలు. అందులో బ్రాకెట్లలో రెండు ‘ఈ’ అక్షరాలున్న వరుసలే అసలు తప్పులు. రెండు ‘డబ్ల్యూ’లున్నవి హెచ్చరికలు, వాటిలో చాలావరకు పట్టించుకోనక్కర్లేదు. ఫైలు తేదీ కూడా చూడండి. వేలాండ్ సెషన్ ఈ ఫైల్లో ఏమీ రాయదు, కాబట్టి ఆర్నెల్ల కిందటి లాగ్ చదువుతూ తల పట్టుకునే ప్రమాదం ఉంది. వేలాండ్ అయితే జర్నల్‌సీటీఎల్ -బి కొట్టి ఈసారి బూట్‌లో వచ్చిన సందేశాలు చూడాలి.

బూట్ అయ్యాక నల్ల తెర, లేదా లాగ్‌లో ‘నో స్క్రీన్స్ ఫౌండ్’

ముందుగా తెర తెచ్చుకోవాలి. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లైనక్స్’ అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. కార్డు డ్రైవర్ తెర మోడ్ మార్చకుండా ఇది ఆపుతుంది. తక్కువ రిజల్యూషన్‌లోనైనా తెర కనిపిస్తుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, అలాగే ఉండనివ్వండి. దీన్ని గ్రబ్ సెట్టింగుల్లో శాశ్వతంగా రాసేయమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. అలా రాస్తే ఇంటెల్, ఏఎండీ కార్డుల అసలు డ్రైవర్లు కూడా పనిచేయవు. బొమ్మలన్నీ సీపీయూనే గీయాల్సి వస్తుంది, సమస్య పోయిందనుకుని మీరు నెమ్మది మెషీన్‌తో కాలం గడుపుతారు.

ఎన్‌విడియా కార్డున్న మెషీన్‌లో నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత తెర పోతే మొదటి అనుమానం డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడు బయటి డ్రైవర్లను మళ్లీ తయారుచేసే పనిముట్టు) మీదే. కెర్నల్ మారిన ప్రతిసారీ ఎన్‌విడియా మాడ్యూల్ కొత్త కెర్నల్ కోసం మళ్లీ కంపైల్ కావాలి. దానికి ఆ కెర్నల్ హెడర్లు కావాలి. యూనేమ్ -ఆర్ కొట్టి నడుస్తున్న కెర్నల్ వెర్షన్ తెలుసుకోండి. డీకేఎంఎస్ స్టేటస్ కొట్టినప్పుడు అదే వెర్షన్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉండాలి. లేకపోతే లైనక్స్-హెడర్స్ ప్యాకేజీని ఆ వెర్షన్ పేరుతోనే వేసి, సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ నడపండి. అంత సమయం లేదు, ఇప్పటికిప్పుడు పని జరగాలంటే గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేయండి.

‘ఇన్‌స్టాల్డ్’ అని ఉన్నా తెర రావట్లేదా? అయితే నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ సంగతి చూడాలి. సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌విడియా కొడితే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తుంది. మాడ్యూల్ ఉంది గానీ, దాని సంతకాన్ని కెర్నల్ నమ్మడం లేదన్నమాట. మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్‌తో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే రెండు దారులు: బయోస్‌లో దాన్ని ఆపేయడం, లేదా కీని నమోదు చేయడం. విండోస్ కూడా ఉన్న మెషీన్‌లో రెండోదే మంచిది. ఉబుంటులో సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ తర్వాత /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్ ఫోల్డర్‌లోని మోక్.డెర్ ఫైలు దారి ఇవ్వాలి (ఫైలు పేరులో ‘మోక్’ పెద్ద అక్షరాల్లో). ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఈ ఒక్కసారికే. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి 10 సెకన్లు ఆగుతుంది. ఆలోపు ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ కొట్టాలి. టీ తెచ్చుకోవడానికి లేచి వెళ్తే ఆ 10 సెకన్లు అయిపోతాయి, ఇంపోర్ట్ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

మిగిలిన కారణాలు రెండు. కార్డు మార్చినా పాత /ఈటీసీ/ఎక్స్11/ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ (ఎక్స్11లోని ఎక్స్ పెద్ద అక్షరం) అక్కడే ఉండిపోవడం ఒకటి. ఇప్పటి ఎక్స్ సర్వర్ కార్డునీ మానిటర్‌నీ తనే గుర్తుపడుతుంది, మామూలు డెస్క్‌టాప్‌లో ఆ ఫైలు అవసరమే లేదు. పేరు మార్చి పక్కన పెట్టండి. ఎన్‌విడియా సైట్ నుంచి తెచ్చిన .రన్ ఫైలునూ ఏపీటీ ప్యాకేజీలనూ ఒకే మెషీన్‌లో కలిపి వేయడం రెండోది. ఒకదాని లైబ్రరీల మీద ఇంకొకటి రాసేస్తుంది. సుడో ఎన్‌విడియా-అన్‌ఇన్‌స్టాల్‌తో .రన్ వేసినదాన్ని తీసేసి, ఉబుంటులో సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్‌తో సరిపెట్టుకోండి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా లాగిన్ తెరే మళ్లీ వస్తోంది

డ్రైవర్ బాగుంది, డిస్‌ప్లే మేనేజర్ బాగుంది. మీ సెషన్ మొదలై వెంటనే పడిపోతోంది. కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ చేసి చూడండి. ఆ యూజర్‌కు డెస్క్‌టాప్ వస్తే లోపం మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంది.

ఎక్కువగా తగిలే కారణం డిస్క్ నిండిపోవడం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3లో లాగిన్ అయి డీఎఫ్ -హెచ్ కొట్టండి. 100 శాతం కనిపిస్తే దొరికినట్టే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం అట్టిపెడుతుంది. అందుకే రూట్ పనులన్నీ సజావుగా సాగుతూ, మీ సెషన్ మాత్రం ఒక్క చిన్న ఫైలు కూడా రాసుకోలేక చచ్చిపోతుంది. సుడో ఏపీటీ క్లీన్, ఆ తర్వాత సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం (ఎం పెద్ద అక్షరం) నడిపితే ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. చోటు ఉండి కూడా ‘నో స్పేస్’ అంటుంటే డీఎఫ్ -ఐ చూడండి, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకూ ఒకటి చొప్పున కావలసిన నమోదులు) అయిపోయి ఉండొచ్చు.

రెండో కారణం .ఎక్స్‌అథారిటీ (ఎక్స్ పెద్ద అక్షరం) ఫైలు. ఎక్స్ సర్వర్‌తో మాట్లాడేందుకు కావలసిన రహస్య కుకీ దీంట్లోనే ఉంటుంది. ఎవరో సుడో స్టార్ట్‌ఎక్స్ కొడితే ఈ ఫైలు రూట్ సొత్తు అయిపోతుంది, మీరు చదవలేరు. ఎల్ఎస్ -ఎల్‌ఏ తో యజమాని ఎవరో చూడండి. రూట్ అని ఉంటే ఫైలు పేరు మార్చేయండి, తర్వాతి లాగిన్‌లో కొత్తది పుడుతుంది. .ఐసీఈఅథారిటీకీ (ఐసీఈ పెద్ద అక్షరాల్లో) ఇదే వైద్యం. గ్నోమ్ వాడేవాళ్ల హోమ్‌లో .ఎక్స్‌అథారిటీ అసలు లేకపోతే కంగారు పడొద్దు, గ్నోమ్ డిస్‌ప్లే మేనేజర్ జీడీఎం దాన్ని /రన్/యూజర్ కింద దాచుకుంటుంది.

ఈ రెండూ కాకపోతే /టీఎంపీ ఫోల్డర్ అనుమతులు 1777 ఉన్నాయో లేదో, .ప్రొఫైల్‌లో ఈమధ్య చేర్చిన వరుసల్లో తప్పుందేమో చూడండి. ఎక్స్ సెషన్ అయితే హోమ్‌లోని .ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలు చివరి వరుసలు దాదాపుగా దోషిని పట్టిస్తాయి.

‘కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే’

దూరంలోని మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ప్రోగ్రామ్ నడిపి, దాని విండోను మీ తెర మీద చూడాలనుకున్నప్పుడు (దీన్నే ఫార్వర్డింగ్ అంటారు) ఈ సందేశం ఎక్కువగా వస్తుంది. ఇక్కడ సర్వర్, క్లయింట్ అనే మాటలు తలకిందులుగా కనిపిస్తాయి. తెర, కీబోర్డు ఎవరి దగ్గరుంటే అదే ఎక్స్ సర్వర్. దూరంలోని పెద్ద మెషీన్‌లో నడిచే ప్రోగ్రామ్ క్లయింట్. అంటే మీ టేబుల్ మీది కంప్యూటర్‌లోనే ఎక్స్ సర్వర్ నడుస్తుండాలి. అది లైనక్స్ అయితే ఉన్నట్టే. మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్, విండోస్‌లో వీసీఎక్స్‌సర్వ్ లాంటిది వేసుకోవాలి.

కనెక్ట్ అయ్యేటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ -ఎక్స్ కొట్టాలి, ఆ ఎక్స్ పెద్ద అక్షరం. చిన్న ఎక్స్ కొడితే సరిగ్గా వ్యతిరేకం: ఫార్వర్డింగ్ ఆగిపోతుంది. లోపలికి వెళ్లాక డిస్‌ప్లే వేరియబుల్‌ని (పేరు పెద్ద అక్షరాల్లో) ఎకోతో చూడండి. లోకల్‌హోస్ట్:10.0 లాంటి విలువ ఉండాలి. ఖాళీగా ఉంటే చేత్తో :0 అని పెట్టొద్దు. ఆ విలువను ఎస్‌ఎస్‌హెచ్ తనే పెట్టాలి, పెట్టలేదంటే ఫార్వర్డింగ్ జరగనట్టే. అవతలి మెషీన్‌లో రెండు చూడాలి: ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్‌లో ఎక్స్11ఫార్వర్డింగ్ ‘యెస్’ (అవును) అని ఉందా, ఎక్స్‌ఆథ్ ప్యాకేజీ ఉందా? తెర అక్కర్లేని సర్వర్లలో ఎక్స్‌ఆథ్ లేకపోవడం మామూలే. ఈ రెండూ ఉన్నా కుదరకపోతే, ఐపీవీ6 ఆపేసిన మెషీన్ అయి ఉంటే, అదే ఫైల్లో అడ్రస్‌ఫ్యామిలీ ఐనెట్ అని చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

మ్యాక్ లాంటి చోటు నుంచి -ఎక్స్‌తో వెళ్లినప్పుడు మొదట బాగా నడిచి, 20 నిమిషాల తర్వాత కొత్త విండోలు తెరుచుకోకపోతే అది ఫార్వర్డ్‌ఎక్స్11టైమౌట్ గడువు (డెబియన్, ఉబుంటుల్లో మామూలుగా -ఎక్స్ కూడా -వై లాగే పనిచేస్తుంది). నమ్మకమైన మెషీనైతే పెద్ద వై అక్షరంతో -వై వాడండి, ఆ గడువు దానికి లేదు. నమ్మకం లేని చోట వాడితే అవతలి ప్రోగ్రామ్ మీ కీబోర్డు మీద కొట్టేదంతా వినగలదు. ఎక్స్‌హోస్ట్ + అనే చిట్కా జోలికి అసలు పోకండి, అది కుకీ తనిఖీనే ఎత్తేస్తుంది.

సొంత మెషీన్‌లోనే సుడోతో గ్రాఫికల్ ప్రోగ్రామ్ తెరిస్తే ఈ సందేశం వస్తోందా? అది వేలాండ్ సెషన్ అయి ఉంటుంది, రూట్‌కు మీ తెర మీద హక్కు ఇవ్వదు. ఫైలు మార్చడానికే అయితే సుడోఎడిట్ వాడండి.

మానిటర్ 1920×1080, తెర మాత్రం 1024×768 దగ్గరే

ముందు నోమోడ్‌సెట్ ఇంకా ఉందేమో చూడండి. లేకపోతే కేబుల్ మార్చండి. మానిటర్ తన కొలతలను ఈడీఐడీ అనే చిన్న సమాచారంగా కేబుల్ ద్వారా పంపుతుంది. చవక వీజీఏ కేబుళ్లు, పాత కేవీఎం స్విచ్‌లు (ఒకే తెర, కీబోర్డును రెండు కంప్యూటర్లకు పంచేవి) దాన్ని దాటనివ్వవు. కేబుల్ మార్చే వీలు లేకపోతే ఎక్స్ సెషన్‌లో చేత్తో చెప్పొచ్చు. సీవీటీ 1920 1080 60 కొడితే మోడ్‌లైన్ ఇస్తుంది: 173.00 1920 2048 2248 2576 1080 1083 1088 1120 -హెచ్‌సింక్ +వీసింక్. దాన్ని ఎక్స్‌ర్యాండ్‌ఆర్ --న్యూమోడ్‌తో ఒక పేరు పెట్టి చేర్చి, --యాడ్‌మోడ్‌తో మీ పోర్టుకు జతచేసి, --అవుట్‌పుట్, --మోడ్‌లతో ఎంచుకోవాలి. వేలాండ్‌లో ఈ పద్ధతి పనిచేయదు.

అంతా వచ్చింది గానీ నత్తనడక, ఫ్యాన్ హోరు

మెసా-యుటిల్స్ వేసి జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో -బి (బి పెద్ద అక్షరం) కొట్టండి. రెండరర్ దగ్గర ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే సీపీయూనే బొమ్మలు గీస్తోంది. నోమోడ్‌సెట్ మిగిలిపోవడం, కార్డు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడం, ఈ రెండే ఎక్కువగా కారణం.

‘కుడ్ నాట్ లోడ్ ద క్యూటీ ప్లాట్‌ఫామ్ ప్లగిన్ ఎక్స్‌సీబీ’

క్యూటీ అంటే చాలా ప్రోగ్రామ్‌లు తమ విండోల కోసం వాడే లైబ్రరీ. ప్లగిన్ ఉంటుంది, దానికి కావలసిన లైబ్రరీ ఉండదు. క్యూటీ 6.5 నుంచి లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 తప్పనిసరి, వేసేయండి. తగ్గకపోతే క్యూటీ_డీబగ్_ప్లగిన్స్=1 పెట్టి (పేరు పెద్ద అక్షరాల్లో) నడిపితే ఏ ఫైలు లేదో పేరుతో సహా చెబుతుంది.

తెలుగు చోట గళ్లు, లేదా తెలుగు టైప్ కాకపోవడం

గళ్లు కనిపిస్తే ఫాంట్ లేదు. ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ కొట్టండి, జాబితా ఖాళీగా వస్తే ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేయండి. మీ దగ్గరున్న ఫాంట్ ఫైళ్లనైతే హోమ్‌లోని .లోకల్/షేర్/ఫాంట్స్‌లో పెట్టి ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ నడిపి, ప్రోగ్రామ్ మూసి తెరవండి.

గళ్లు కాకుండా పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తే అది వేరే రోగం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు. ఎన్ని యూనికోడ్ ఫాంట్లు వేసినా అవి తెలుగుగా మారవు, కన్వర్టర్‌తో మార్చుకోవాల్సిందే.

టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ (ఐబస్ అనేది వేర్వేరు భాషల్లో టైప్ చేయనిచ్చే ప్రోగ్రామ్) వేసి, ఐబస్ రీస్టార్ట్ కొట్టి, సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగంలో తెలుగు చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ మూడూ అందులో ఉంటాయి. ఒక ప్రోగ్రామ్‌లో తెలుగు పడుతూ ఇంకోదాంట్లో పడకపోతే ఇన్‌పుట్ వేరియబుల్స్ అందలేదని అర్థం. ఎక్స్ సెషన్‌లో ఐఎమ్-కాన్ఫిగ్ -ఎన్ ఐబస్ నడిపి, లాగౌట్ అయి మళ్లీ రండి. ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే చాలనుకుంటే ఎక్స్ సెషన్‌లో ఐబస్ కూడా అక్కర్లేదు: సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -లేఅవుట్ యూఎస్,ఐఎన్ -వేరియంట్ ,టీఈఎల్ -ఆప్షన్ జీఆర్‌పీ:ఆల్ట్_షిఫ్ట్_టాగుల్. కామా తర్వాత ఖాళీ ఉండకూడదు. తర్వాత ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఎక్స్‌టర్మ్‌లో వత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతుంటే ఫాంట్లు మార్చుతూ కూర్చోవద్దు. అక్షరాలను కలిపి కూర్చే పని ఆ ప్రోగ్రామ్‌కు రాదు. టెర్మినల్లోనే తెలుగు చదవాలంటే కేడీఈ డెస్క్‌టాప్ వాళ్ల టెర్మినల్ ప్రోగ్రామ్ కన్సోల్ (పేరు ‘కే’ అక్షరంతో మొదలవుతుంది) వాడి చూడండి, రాయడానికైతే మామూలు టెక్స్ట్ ఎడిటరే మేలు.