దాచిన పాపం ఒప్పుకోవడం ఎలా?

"తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు ప్రభువా" అని ఏళ్ల తరబడి ప్రార్థిస్తూ మళ్లీ అదే పని చేస్తున్నారంటే, ఆ ప్రార్థనలో పాపం పేరే లేదన్నమాట. యెహోషువ 7లో, యెరికో దోపుడు సొమ్ము దొంగిలించి దాచిన ఆకాను ఒప్పుకోలు చూడండి: షీనారు పైవస్త్రం ఒకటి, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి, డేరా మధ్య నేలలో, వెండి అన్నిటికంటే అడుగున. దొరికిపోయాకే చెప్పాడు, నిజమే. కానీ చెప్పిన తీరు మాత్రం అదీ.

ముందు కాగితం తీసుకోండి. ఉదాహరణకు, సంఘం కానుకల లెక్క చూసేవారు "కొంచెం వాడుకున్నాను" అని రాస్తే మళ్లీ దాచినట్టే. "మూడు ఆదివారాల కానుకలోంచి 10,000 తీశాను, రిజిస్టరులో తక్కువ వేశాను" అని రాయాలి.

తర్వాత ఒక్కరికి చెప్పండి. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అంటుంది యాకోబు 5:16. నోరు జారనివారు, మీకు మొహమాటపడనివారు కావాలి. పురుషులు పురుషుడికి, స్త్రీలు స్త్రీకి చెప్పడం మేలు. ఉపవాస కూడికలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేయడం తొందరపాటు: అందరూ విన్న సంగతిని వచ్చే వారం ఎవరూ అడగరు. పిల్లలకు హాని చేసిన విషయమైతే సంఘంలో తేల్చుకోకూడదు, పోలీసులకు చెప్పాల్సిందే.

ఇక డబ్బు. లేవీయకాండము 6:5 ప్రకారం అసలు, దాని మీద అయిదో వంతు: 10,000కి 12,000. సుంకరి జక్కయ్య (లూకా 19:8) నాలుగంతలు ఇస్తానన్నది తనంతట తాను పలికిన లెక్క. ఒకేసారి కుదరకపోతే వాయిదాల తేదీలు రాసి పెద్దల చేతికివ్వండి. చాలామంది చేసే పొరపాటు, ఆ సొమ్ము గుట్టుగా కానుక పెట్టెలో వేసేయడం. ఈ వారం కానుక పెరుగుతుంది, పాత రిజిస్టరు మాత్రం అబద్ధంగానే ఉండిపోతుంది. పైగా ఎవరో ధారాళంగా ఇచ్చారని స్తోత్రాలు!

లెక్క చూసే పని కొన్నాళ్లు వదిలేయండి. ఎవరు చూసినా ఇద్దరు ఎంచి ఇద్దరూ సంతకం పెట్టాలి. పౌలు కూడా కానుకల సొమ్ము ఒంటరిగా మోయలేదు (2 కొరింథీ 8:18–21).

మీరు చెప్పుకున్న వ్యక్తి వారానికోసారి, ఒకే రోజున అడగాలి. "ఎలా ఉన్నారు బ్రదర్" అంటే "దేవుని కృప" అనేస్తారు. "ఈ వారం సంఘం డబ్బు మీ చేతికి వచ్చిందా? ఎంత?" అనాలి. మళ్లీ పడితే ఆ రాత్రే ఫోన్ చేయండి. వాళ్లు అడిగే రోజు వచ్చేదాకా ఆగితే ఈలోగా సాకులన్నీ సిద్ధమైపోతాయి.