పరలోకం మీద మనసు నిలిపి పరిశుద్ధంగా బ్రతకడం ఎలా?

బైబిలు, చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఉదయం 20 నిమిషాలు, రాత్రి 10. ఇంతే కావాలి. ఫోనులో బైబిలు మాత్రం వద్దు, ఒక్క మెసేజ్ వస్తే మనసు చెదిరిపోతుంది.

ఉదయం ఒక కీర్తన, సువార్తల్లో ఒక అధ్యాయం చదివి ప్రార్థించండి. నాలుగు సువార్తల్లో కలిపి 89 అధ్యాయాలు, మూడు నెలల్లో పూర్తవుతాయి. కొలొస్సయులకు 3:1-4 కంఠతా పట్టండి. పైనున్న వాటిని వెదకమంటే బంగారు వీధుల్ని ఊహించుకోమని కాదు, క్రీస్తు అక్కడ కూర్చుని ఉన్నాడు గనుక. ఆ అధ్యాయమే 5వ వచనంలో పాపాన్ని చంపమంటుంది, 18 నుంచి భార్యాభర్తలు, పిల్లలు, పనివాళ్ల సంగతికి వస్తుంది. పరలోకాన్ని తలచే మనసు ముందు ఇంట్లోనే తెలుస్తుంది.

ఇక రాత్రి ఆత్మపరీక్ష. ఎక్కువమంది చెడగొట్టేది దీన్నే. ముందు దేవునికి కృతజ్ఞత చెప్పి, కీర్తన 139:23-24 ప్రార్థించి, పొద్దుటి నుంచి జరిగినవి వరసగా తలచుకోండి: మాటలు, డబ్బు, కళ్లు చూసినవి. "ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అని ఒక్క ముక్కలో ముగించకండి. అందులో ఏ పాపమూ బయటపడదు, అందుకే మర్నాడు మళ్లీ అదే చేస్తాం. "అసూయతో తమ్ముడి గురించి లేనిపోనివి చెప్పాను" అని పేరు పెట్టి ఒప్పుకోండి. నోటు పుస్తకంలో ఒక్క మాటే రాయండి, వివరాలు వద్దు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: ఒప్పుకున్నాక కూడా గంటల తరబడి తవ్వుకుంటూ ఏడవడం. 1 యోహాను 1:9 చదివి, క్షమాపణ అందుకుని, లేవండి. చూపు మీ మీదే ఉండిపోతే 10 నిమిషాలు దాటకుండానే కుంగిపోతారు.

ఒప్పుకోవడంతో పని అయిపోదు. తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. యేసును కలిశాక పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. నొప్పించిన మనిషి దగ్గరికి వెళ్లాలి, మత్తయి 5:23-24 ప్రకారం అర్పణకన్నా ముందే. ఆ తర్వాత ఖాళీ అయిన చోట మంచిని పెట్టాలి. ఎఫెసీయులకు 4:25-28 చూడండి: అబద్ధం మానినవాడు సత్యం పలకాలి, దొంగతనం మానినవాడు కష్టపడి అక్కరలో ఉన్నవాడికి పంచాలి. మానడంతోనే ఆగినవాళ్ల గతి మత్తయి 12:43-45లో ఉంది: వెళ్లిపోయిన దయ్యం ఖాళీగా ఉన్న ఇంటికి మరో ఏడింటితో తిరిగొస్తుంది.

పెద్ద పెద్ద ఉపవాస తీర్మానాలకన్నా ఈ పది నిమిషాలే మేలు. ఒంటిని కష్టపెట్టినంత మాత్రాన శరీరేచ్ఛ అణగదని కొలొస్సయులకు 2:23 స్పష్టంగా చెబుతోంది.

వరసగా మూడు రాత్రులు అదే మాట రాయాల్సి వస్తే ఒంటరిగా పోరాడకండి. యాకోబు 5:16 ప్రకారం కాపరితోనో, నోరు జారని పెద్ద విశ్వాసితోనో చెప్పండి. పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతోనే. వాట్సాప్ గ్రూపులో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

శనివారం రాత్రి ఆ వారం పేజీ చింపేయండి. క్షమించబడిన దాన్ని దాచుకోకూడదు. ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) ఉన్న ఆదివారం, పాపం గుర్తొచ్చిందని వెనక బెంచీలో ఉండిపోకండి. 1 కొరింథీయులకు 11:28 పరీక్షించుకుని మానేయమనలేదు, పరీక్షించుకుని తినమంది.